తొకునో కంచం

నాసిర్ లెక్కన, జపాన్ ఫుట్‌బాల్ డిఫెండర్ తొకునో గోలు ముందు నిలబడితే బంతే కాదు, గాలి కూడా పక్కదారి పట్టాలి. ఒకసారి ఆయన తలతో కొట్టిన బంతి మైదానం దాటి, సిడ్నీలోని బ్లాక్‌టౌన్ స్టేషన్లో రైలెక్కి, పెన్రిత్‌లో దిగిందట!

అందులో సగం తీసేసినా తొకునో పేరు చిన్నదేం కాదు. ఊళ్లో కుర్రాళ్ల చొక్కాల వెనక అతని పేరే. యూనివర్సిటీలో చదివే జపాన్ పిల్లలు డప్పులతో సహా మ్యాచ్‌కి దిగేవాళ్లు.

ఒంగోలులో ఇంజనీరింగ్ సగంలో వదిలేసిన నాసిర్, కొత్త శతాబ్దిలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వైటూకే భయం పుణ్యాన సిడ్నీలో ప్రోగ్రాములు సరిచూసే పనికొచ్చాడు. రెండువేల సంవత్సరం వచ్చింది. ఒక్క కంప్యూటరూ ఆగలేదు, ఆగింది అతని కాంట్రాక్టే. ఇప్పుడు తొకునో ఆడే క్లబ్బులో జెర్సీలు ఉతుకుతున్నాడు. కాంట్రాక్టు పోయినప్పట్నించీ అతనికేదీ రుచించదు, ఏదీ నొప్పించదు. వీధిలో మిగిలిన కాస్త పరువూ ఆ కోతల మీదే నిలిచింది.

"అంత దోస్తయితే సండే మీ ఇంట్లో దావత్‌కి పట్టుకురావయ్యా, చూద్దాం. రాకపోతే ఇకమీదట నీ మాట నమ్మేది లేదు" అన్నాడు పక్కింటి జనార్దనరావు అంకుల్, అందరి ముందూ.

గొంతులో పచ్చి వెలక్కాయ పడాల్సిన మాట. నాసిర్‌కి అదీ పడలేదు. తొకునోతో అతనికున్న పరిచయమల్లా, మడతపెట్టిన బురద జెర్సీని ఆయన రెండు చేతులతో అందించడం, తను పుచ్చుకోవడం. అయినా వెళ్లి అడిగాడు. తొకునో తలూపాడు.

ఆదివారం వచ్చాడు కూడా. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, ముక్కులు వీధివైపు తిప్పి పెట్టి, దస్తర్‌ఖాన్ పరిచిన చోట అందరితో పాటు నేల మీద కాళ్లు మడిచి కూర్చున్నాడు. జనార్దనరావు జరిగి చోటిచ్చాడు.

నాసిర్ భార్య షమ్సున్నీసా పలావు వడ్డించింది. తొకునో మెతుకు మిగల్చకుండా తిన్నాడు. అతిథి కంచం ఖాళీగా ఉంటే ఆ ఇంటికి నామోషీ. మళ్లీ వడ్డించింది. మెతుకు వదిలితే వండినవాళ్లకి అవమానమని జపాన్‌లో తొకునో ఇంటి మర్యాద. మళ్లీ ఊడ్చేశాడు.

"ఏమండీ, మీ ఫ్రెండ్‌కి ఇంకా ఆకలి తీరలేదు!"

"డిఫెండర్ కదమ్మా, తన ఏరియాలోకొచ్చిందాన్ని దాటనిస్తాడా?" అన్నాడు జనార్దనరావు.

నాలుగోసారికి తొకునో నుదుటి మీద చెమట. ముఖంలో మాత్రం ఏమీ లేదు. అద్దంలో రోజూ చూసే ముఖమే అనిపించింది నాసిర్‌కి. ఏమైందని అడగడానికి తొకునో వైపు ఒరిగాడు.

"నిన్న క్లబ్బు నన్ను తీసేసింది" అన్నాడు తొకునో ఇంగ్లీషులో, చిన్నగా. "ఇక్కడ చెప్పొద్దు. విందు పాడవుతుంది."

"ఏమంటున్నాడయ్యా?" అడిగాడు జనార్దనరావు. అందరూ చెవులు రిక్కించారు. నాసిర్ చేతికి మొదటిసారి నిఖార్సయిన వార్త చిక్కింది.

షమ్సున్నీసా గరిటె మళ్లీ దిగబోతుంటే, తొకునో కంచం మీద నాసిర్ అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంకో ముద్ద తింటే గోలంతా తనే నిండిపోతాడంట. అవతలి టీం ఒప్పుకోదంట."

అందరూ పగలబడి నవ్వారు. అర్థం కాకపోయినా తొకునో కూడా నవ్వాడు.

కంచంలో ఇంకా సగం పలావుంది. నాసిర్ దాన్ని తన ముందుకి లాక్కున్నాడు. జనార్దనరావు నవ్వు ఆపి చూశాడు. మరీ దగ్గరివాళ్లు తప్ప ఒకరి ఎంగిలి ఇంకొకరు తినరు.

మెతుకు మిగల్చకుండా తిన్నాడు నాసిర్. అందులో ఉప్పుందో లేదో మాత్రం తెలియలేదు.