నూరేళ్ళ తుప్పు

ఆ రోజుల్లో, అంటే మరీ పాతరోజులేం కావు, ఏడెనిమిదేళ్ళ కిందటి మాటే, నాకు తెలియని సంగతంటూ భూమ్మీద ఉండేది కాదు. భిలాయి ఉక్కు ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర కొత్త ఉద్యోగం, చేతిలో కొత్త ఫోను. ఆ ఫోనులో పాతకాలపు రేకుబొమ్మల గ్రూపొకటి కనిపిస్తే అందులో పడ్డాను. (చేరాను అనొచ్చు గానీ, పడ్డాననడమే నిజం.) దేశం నలుమూలల నుంచీ పెద్దవాళ్ళు తాళం తిప్పితే నడిచే కార్లూ, డప్పు కొట్టే కోతులూ ఫొటోలు పెట్టి మురిసిపోయేవారు. వాళ్ళందరికీ పెద్దదిక్కు పూనా తాతగారు. పాతబొమ్మని తుడవకూడదు, రంగెయ్యకూడదు, తుప్పే దాని జాతకం అని ఆయన బోధ. మూడు నెలల్లో అది నాకు వేదవాక్కైపోయి, ఇత్తడి చెంబు తోముతున్న అమ్మకి కూడా పాఠం మొదలెట్టాను, చింతపండు పెట్టి తోమితే దాని విలువ పోతుందని. "అయితే ఆ కిలుం నీల్లు నువ్వే తాగు" అంది అమ్మ.

అలాంటి నాకు ఒక మధ్యాహ్నం ఫోనులో రైలింజను కనిపించింది. జానెడు పొడవు, రేకుది, పక్కన తాళంచెవి, ఒళ్ళంతా తుప్పు. అమ్మేవాడు రాజస్థాన్ వైపు వాడట. మా ముత్తాత ఆడుకున్నది, నూరేళ్ళు దాటింది అని రాశాడు. నేను వెనకాముందూ చూడకుండా ఆర్డరు పెట్టేశాను. నా తొందరకి కారణం ఉంది. ప్రతి ఆదివారం గ్రూపు వాళ్ళంతా వీడియోలో కలుస్తారు. కొత్తగా కొన్నవాళ్ళు బొమ్మని చూపించాలి, పూనా తాతగారు అటూ ఇటూ తిప్పించి చూసి "బాగుంది" అనాలి. ఆ ఒక్క మాట పడితే నేనూ ఆ పెద్దల్లో ఒకదాన్నైపోతాను. ఉద్యోగంలో చేరినప్పుడు కూడా నాకంత ఆశ లేదు.

ఇక్కడ నాన్న గురించి చెప్పాలి. విజయనగరం పక్కనుంచి కుర్రతనంలో వచ్చి, ప్లాంటు మెయింటెనెన్సులో ముప్పయ్యేళ్ళు చేసి రిటైరైన మనిషి. తుప్పంటే ఆయనకి పాముపగ. భిలాయిలోనే మరోదా పేటలో ఉన్న మా ఇంటి గేటుకీ, కిటికీ ఊచలకీ, చివరికి కుళాయి పక్క బకెట్టు కాడకీ ఏటా ఎర్ర ప్రైమరు కొట్టాల్సిందే. అలాంటి ఇంట్లోకి బుధవారం సాయంత్రం నేను డబ్బులిచ్చి మరీ తుప్పు తెచ్చుకున్నాను. పార్సిలు విప్పగానే అమ్మ, గీసుకుంటే సూది మందు వేయించాలని బాల్కనీలో పాత పేపరు మీద పెట్టించింది. అక్కడ చూసిన పక్కింటి దీదీ, "కబాడీవాలా గల్లీలోనే ఉన్నాడు, బులాదూఁ?" అని పాతసామాన్లవాణ్ణి పిలిచి సాయం చెయ్యబోయింది.

తర్వాత నాన్న బాల్కనీలోకి వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని, ఇంజను మీద వేలితో ఒకసారి రాసి, ఆ వేలు చూసుకున్నాడు.

"ఎప్పటిదన్నాడమ్మా?"

"నూరేళ్ళ పైమాటే నాన్నా. నువ్వు మాత్రం ముట్టుకోకు. తుప్పే దీని విలువ. ఆదివారం పెద్దవాళ్ళందరికీ చూపించాలి."

"ఊఁ" అన్నాడు, వేలు లుంగీకి తుడుచుకుంటూ.

శనివారం ఆఫీసు నుంచి వచ్చేసరికి వీధిలోకే పెయింటు వాసన. బాల్కనీలో నాన్న, పక్కన సుపేలా బజారు నుంచి తెచ్చిన గరుకు కాగితం, రెండు చిన్న డబ్బాలు. పేపరు మీద నా ఇంజను నల్లగా, చక్రాలు ఎర్రగా, పెళ్ళికొడుకులా తళతళలాడుతోంది. "తుప్పట్టింది అంటగట్టీసినాడమ్మా ఆ ఎదవ. బాగుసేసీసినాను. సూడు, నడస్తంది కూడాని" అని తాళం తిప్పి వదిలాడు. అది గరగరా పోయి చెప్పుల స్టాండుని గుద్దుకుంది.

నేనేం మాటలన్నానో అన్నీ ఇక్కడ రాయను, ఇప్పటికీ సిగ్గే. చదువులేని పని అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. నాన్న తల వంచుకుని బ్రష్షు కిరసనాయిల్లో కడుక్కున్నాడు. ఆదివారం వీడియోలో రంగేసిన ఇంజను చూపించి, "మా నాన్నకి ఇలాంటివి తెలియవండీ" అని ఏడుపు గొంతుతో చెప్పాను. అందరూ పరామర్శకి వచ్చినవాళ్ళలా అయ్యయ్యో అన్నారు. ఇలాంటి నాన్నలు ఇంటికొకరుంటారమ్మా, నీ తప్పేం లేదన్నారు పూనా తాతగారు. పక్కగదిలో నాన్నకి అదంతా వినబడుతూనే ఉంది. పది రోజులు ఆయనతో మాట్లాడలేదు.

రెండేళ్ళ తర్వాత ఆఫీసువాళ్ళు నన్ను యార్డులో రేకుల తనిఖీకి వేశారు. మొదటిరోజే అక్కడి ఫోర్‌మన్ భయ్యా రెండు రేకులు చూపించి చెప్పాడు. కొత్త తుప్పు నారింజ రంగులో ఉండి, రాస్తే పొడిలా వేలికంటుతుంది. ఏళ్ళ తుప్పు ముదురుగా, ఇనుముని పట్టుకుని ఉంటుంది, వేలికి రాదు. నాకు బాల్కనీలో లుంగీకి తుడుచుకున్న ఆ వేలు గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి ఇంజను తిరగేశాను. అడుగున నాన్న రంగు వెయ్యలేదు. రాసి చూస్తే వేలు నారింజ రంగైంది. ఉప్పునీళ్ళలో నానబెట్టి నెల్లాళ్ళలో ముసలిదాన్ని చేశారు పాపం దాన్ని.

వేలు అలాగే పట్టుకుని నాన్న దగ్గరికెళ్ళాను. "నీకు ఆ రోజే తెలుసా?"

"తెలీకేటి. ముప్పయ్యేళ్ళు దాంతోనే గదా తగువు."

"మరి చెప్పలేదేం నాన్నా?"

"సెప్తే నువ్వు సిన్నబోవూ? సెప్పకపోతే ఆల్లందరి ముందర మోసపోయినావని తేలిపోద్ది. మజ్జిని నాను మొరటోణ్ణనిపించుకుంటే పోద్దనుకున్నానమ్మా" అని టీవీ చప్పుడు పెంచుకున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నా పరువు దక్కించుకోడానికి నాన్న నాచేతే నలుగురిలో మాట పడ్డాడు, అదీ పక్కగదిలో కూర్చుని వింటూ. ఆయన కాళ్ళ దగ్గర కాసేపు కూర్చున్నాను. లేచి టీ పెట్టిచ్చాను. "పంచదారెక్కువైంది" అన్నాడు.

ఇంజను ఇప్పుడు మా టీవీ పక్కనే ఉంటుంది. మొన్న గేటుకి ప్రైమరు కొడుతూ, "దీనికీ ఒక కోటింగు కొట్టీమంటావేటి?" అని అడిగాడు నాన్న. కొట్టమన్నాను, అడుగున మాత్రం వద్దన్నాను. అన్నీ తెలిసిన ఆనాటి పిల్ల గుర్తుగా ఆ కాస్త తుప్పూ నాకు కావాలి. ఈమధ్య అది కూడా ముదిరింది, రాస్తే వేలికి అంతగా అంటడం లేదు.