రేకుల కప్పు కింద మూడు రోజులు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే చప్పుడు వినడం అని చెప్పేవాణ్ని. బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్‌ని. షిఫ్టు మొదలవగానే పని జరిగే చోటికి నా మనుషుల కంటే ముందు నేను పోవాలి. చేతిలోని కడ్డీతో పైకప్పును కొడుతూ పోవాలి. గట్టి బండ అయితే ఖంగుమంటుంది. లోపల విడిపోయి ఉంటే పగిలిన కుండను కొట్టినట్టు డొల్లగా పలుకుతుంది. బాగుందనిపిస్తే పక్క గోడ మీద సుద్దముక్కతో తారీఖు వేసి నా పొడి అక్షరాలు రాస్తాను. ఆ అక్షరాలు చూసి మనుషులు లోపలికి వస్తారు. గోదావరిఖనిలో ఇరవై ఆరేళ్లు నేను చేసిందంతా ఇదే.

పోయిన వేసవిలో ఒక ఫస్టు షిఫ్టులో ఎప్పటిలాగే కప్పును కొట్టాను. చప్పుడు వచ్చింది. అది గట్టిదో డొల్లదో నాకు తెలియలేదు. మళ్లీ కొట్టాను, ఇంకో చోట కొట్టాను. అన్నీ ఒక్కలాగే వినిపించాయి. చెవుడేమీ లేదు. వెనక నా మనుషుల దగ్గులు, బూట్ల రాపిడి అన్నీ వినపడుతూనే ఉన్నాయి. నెల రోజులుగా ఆదివారాలు కూడా డ్యూటీకి పోతున్నాను. సరిగా నిద్ర లేదు, ఇంట్లో ఎవరు పలకరించినా కసురుకుంటున్నాను. ఇక ఒక్క చప్పుడును కూడా పట్టించుకునే ఓపిక నాలో మిగల్లేదు.

వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు. "అన్నా, రావాల్నా?" అని వాళ్లలో పెద్దవాడు అడిగాడు. కప్పుకు బోల్టులు వేసే పని అతనిది, పన్నెండేళ్లుగా నా షిఫ్టులోనే ఉన్నాడు.

"మంచిగనే ఉన్నది, రాండ్రి" అన్నాను. సుద్దతో తారీఖు వేశాను, అక్షరాలు రాశాను.

ఏమీ కాలేదు. షిఫ్టు అయిపోయింది, అందరం పైకి వచ్చాం, క్యాంటీన్‌లో చాయ్ తాగాం. కానీ ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చుంటే ఆ గోడ మీది నా అక్షరాలే కనపడేవి. తర్వాతి రోజుల్లో చప్పుళ్లలో తేడా తెలిసినట్టే ఉండేది. నిజంగా తెలుస్తోందా, తెలుస్తోందని నాకు నేనే చెప్పుకుంటున్నానా అన్నది మాత్రం తేలేది కాదు. అయినా రోజూ రాస్తూనే పోయాను. ఎవరితోనూ అనలేదు. సర్దార్‌కు చప్పుళ్లలో తేడా తెలియట్లేదని బయటపడితే ఇక ఆ సర్దార్ దేనికి?

దవాఖానలో డాక్టరు బీపీ చూసి, "మనసుకు కొంచెం రెస్టు ఇయ్యండి" అన్నాడు. అదేదో మందుల షాపులో దొరికితే బాగుండేది. నా భార్య బడిలో టీచరు. ఆమెతో పనిచేసే మేడమ్ ఒకావిడ ధ్యాన శిబిరం సంగతి చెప్పిందట. మంచిర్యాల దాటాక ఒక మామిడితోటలో నాలుగు రోజులు ఉండాలి, మాట్లాడకూడదు, ఫోను వాళ్ల చేతికి ఇచ్చేయాలి. మాది మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం. "చర్చిల గంట సేపు కూసుంటేనే కునుకు తీస్తవు, గక్కడ నాలుగొద్దులు కండ్లు మూసుకొని కూసుంటవా?" అని ఆమె నవ్వింది. తర్వాత తనే బ్యాగు సర్దింది. దేనికైనా మంచిదని అందులో బైబిలు కూడా పెట్టింది.

శిబిరంలో నాకిచ్చిన గదిలోకి పోగానే నేను చేసిన మొదటి పని, మూలనున్న చీపురు తిరగేసి దాని కర్రతో స్లాబును నాలుగు మూలలా కొట్టడం. కావాలని చేయలేదు, చెయ్యి దానంతట అదే లేచింది. గదిలో నాతో పాటు ఉన్నది ఒక బ్యాంకు ఉద్యోగి. మౌనం మొదలైపోయింది కాబట్టి ఆయన అడగలేకపోయాడు, నేను చెప్పలేకపోయాను. పాపం, ఆ పూటే తన పరుపును తలుపు దగ్గరికి జరుపుకున్నాడు.

నిజం చెప్పాలంటే మొదటి రెండు రోజులు నేను ధ్యానం చేయలేదు, కూర్చునే నిద్రపోయాను. అలసట ఎంత ఉందో పని ఆపితేనే బయటపడింది. మోకాళ్లు, నడుము సరే, దవడలు కూడా నొప్పులే. ఇన్నేళ్లూ పళ్లు బిగపట్టుకుని విన్నానని అక్కడ అర్థమైంది. పొద్దున జొన్న జావ, మధ్యాహ్నం ఉప్పూకారం తగలని పప్పు. చాయ్ లేదు. మూడోనాటికి చాయ్ కోసం కళ్లలో నీళ్లు వచ్చాయంటే అబద్ధం కాదు.

శిబిరం నడిపేది ఒక పెద్దావిడ, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రోజూ ఒకటే మాట చెప్పేది. "చప్పుళ్లు వస్తాయి, రానివ్వండి. పోతాయి, పోనివ్వండి. ఏ చప్పుడు వెంటా పోకండి." నాకు ఒళ్లు మండేది. చప్పుడును పోనిస్తే మనిషి పోతాడమ్మా అని అరవాలనిపించేది. నోరు మూసుకుని కూర్చున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఎండ మాడుస్తోంది. హాలుకు పైన రేకులు, కింద అట్టల సీలింగు. ముప్పై మందిమి కళ్లు మూసుకుని ఉన్నాం. ఉన్నట్టుండి పైన టక్‌మంది. ఒక క్షణం ఆగి మళ్లీ టక్, టక్. బాయిలో కప్పు కూలేముందు ఆసరాగా పెట్టిన దుంగలు అలాగే పలుకుతాయి. నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు.

"కప్పు కూలుతాంది! బయటికి ఉరుకుండ్రి! జల్ది!"

ఇరవై ఆరేళ్ల గొంతు అది. ముప్పై మందీ చెప్పులు కూడా లేకుండా తోటలోకి పరుగెత్తారు. నా పక్కనున్న ముసలామెను భుజం పట్టి లేపి బయటికి నడిపించాను. మళ్లీ లోపలికి పోయి ఎవరైనా మిగిలారేమో చూసి, అందరికంటే వెనక వచ్చాను. బయట తలలు లెక్కబెట్టాను. సరిపోయాయి. అప్పుడు తల ఎత్తి చూశాను.

హాలు నిక్షేపంగా ఉంది. చెట్లకు నీళ్లు పెట్టే తోటమాలి మమ్మల్ని వింతగా చూసి, "ఎండకు రేకులు గట్లనే అంటయి సార్. రోజూ ఉన్నదే" అన్నాడు. ఎవరో నవ్వారు. బ్యాంకాయన నవ్వలేదు, నన్ను జాలిగా చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

అందరూ లోపలికి పోయాక పెద్దావిడ నా దగ్గరికి వచ్చి అరుగు మీద కూర్చుంది. "మీరేం పని చేస్తరు?" అని అడిగింది. చెప్పాను. పని గురించి మొదలుపెట్టిన వాణ్ని ఆ వేసవి షిఫ్టు దాకా వచ్చేశాను. చప్పుళ్లలో తేడా తెలియకపోయినా సుద్దతో రాశానని చెప్పాను. బండ చప్పుడు పట్టుకోలేని చెవికి ఎండకు కాగిన రేకు చప్పుడు వినపడిందని చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, ధ్యానం సంగతీ ఎత్తలేదు.

"ఆ రోజు లోపలికి వచ్చినోళ్లకు ఈ సంగతి తెలుసా?" అని మాత్రం అడిగింది.

"తెల్వది" అన్నాను.

ఆమె లేచి హాల్లోకి వెళ్లింది. మర్నాడు అందరూ హాల్లో కూర్చున్నప్పుడు నేను గదిలో బ్యాగు సర్దుకుని బస్సెక్కాను. మూడు రోజుల ధ్యానంతో మనశ్శాంతి వచ్చిందని చెప్పలేను. నిద్ర మాత్రం పట్టింది. ఒకసారి బయటికి వచ్చిన మాటను మళ్లీ లోపల దాచుకోవడం కష్టమని కూడా తెలిసింది.

సోమవారం ఫస్టు షిఫ్టు. దిగేముందు తలకు పెట్టుకునే దీపాలు ఇచ్చే ల్యాంపురూము ముందు నా ఆరుగురూ నిలబడి ఉన్నారు. నేనూ నా దీపం తీసుకున్నాను. బోల్టులు వేసే అతన్ని పక్కకు పిలిచి సంగతంతా చెప్పాను. తిడతాడని, కొట్టినా కొడతాడని అనుకున్నాను. అతనికి ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ నా చేతుల మీద పెరిగారు.

అతను తల వంచుకుని బూటుతో మట్టిని గీకాడు. "మాకు ఎరికే అన్నా" అన్నాడు.

"ఏంది ఎరిక?"

"ఆ దినం రాసేటప్పుడు నీ చేతిల సుద్ద రెండుసార్లు ఇరిగింది. నువ్వు అటు పోంగనే నేను కడ్డీ తీస్కొని మల్ల కొట్టి చూసిన. మంచిగనే ఉండె."

"ఆ ఒక్క దినమేనా?"

మిగతా ఐదుగురూ మావైపు చూడకుండా బెల్టులు సర్దుకుంటున్నారు.

"అప్పటి సంది రోజూ కొడుతున్నం" అన్నాడు. "నువ్వు అటు పోయినంక."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు బాయి దిగవు గదన్నా."

అతని భుజం మీద చెయ్యి వేశాను. తర్వాత ల్యాంపురూము కిటికీ దగ్గరికి పోయి, అప్పుడే తీసుకున్న నా దీపాన్ని వెనక్కి పెట్టాను.

"ఏందన్నా, దిగకముందే ఎక్కినవా?" అన్నాడు లోపలి మనిషి.

"ఔ" అన్నాను. జేబులోని సుద్దముక్క కూడా తీసి ఆ కిటికీలోనే పెట్టి, మేనేజరు ఆఫీసు వైపు నడిచాను.