అన్న డప్పు, నా పాత డబ్బా

మా ఇంట్ల మూడు డబ్బాలు ఉన్నయి. మూడూ ఒక్క పనే చేస్తయి. ఏదన్న సప్పుడు వినిపిస్తే పట్టి లోపల పెట్టుకుంటయి, మళ్ల నొక్కితే అదే సప్పుడు బయటికి ఇస్తయి. వీటిని శాంప్లర్లు అంటరు. మిల్లుకాడ సేటు బియ్యం బస్తాకు ఇనుప గొట్టం పొడిచి గుప్పెడు గింజలు గుంజి చూస్తడు గదా, శాంపిల్ అని, ఇదీ గట్లనే. పెద్ద సప్పుడుల నుంచి గుప్పెడు తీసి దాచుకునుడు.

మొదటిది పిల్లల ఆట కీబోర్డు. ఒక్క తుమ్ము పట్టేంత జాగ ఉంటది దాంట్ల, అంతే. మా ఇంటికొచ్చిన ప్రతి పిల్లగాడు దాంట్ల ఒక ఒర్రుడు ఒర్రి, ఆ ఒర్రుడునే సన్నగ, లావుగ వాయించి పోయిండు. దాని గురించి ఇంతకంటె చెప్పేదేం లేదు.

రెండోది హైద్రాబాద్ల పాత సామాన్ల అంగడిల దొరికింది. బూడిద రంగు, మీద పడితే కాలు ఇరుగుతది. పైన ఎనిమిది రబ్బరు పలకలు, పక్కకు ఫ్లాపీ పెట్టే సందు. కొన్ని సెకండ్ల సప్పుడే పడతది దాంట్ల. పట్టిన సప్పుడు కూడ ఉన్నది ఉన్నట్టు రాదు, గరుకుగ, గొంతు బొంగురు పోయినట్టు వస్తది. ఇప్పటి పిల్లలు దాన్ని లో-ఫై అని ముద్దు చేస్తరు. ఆ డబ్బా తయారైన కాలంల మాత్రం దాన్ని ఎవ్వడు ముద్దు చెయ్యలే, గతి లేక వాడిండ్లు.

మూడోది దుబాయ్ నుంచి మా అల్లుడు తెచ్చిండు. నల్లగ, తేలికగ ఉంటది. చిప్పు పెడితే గంటలకొద్ది పడతది. ఏది వినిపిస్తే అదే, చుక్క పోకుండ తిరిగి ఇస్తది.

ఏది మంచిది అని నన్ను చానామంది అడిగిండ్లు. నేను బ్యాండుల ప్యాడు వాయిస్త, అంతకు ముందు కామారెడ్డిల టేపురికార్డులు బాగు చేసేటోన్ని, అందుకే అడుగుతరు. సదువుకున్నోన్ని కాదు. యాభై దాటినంక మా ఆమె దగ్గర తెలుగు అక్షరాలు దిద్దిన. డబ్బాల మీదున్న ఇంగ్లీషు ఇప్పటికీ రాదు. రాకపాయె, చెవులైతే ఉన్నయి. కాని ఏ డబ్బా మంచిదో నాకు చెవులతోని తెల్వలే. డప్పు కొట్టే అన్న పుణ్యాన తెలిసింది.

మా బ్యాండు ముందట డప్పు కొట్టుకుంట నడిచేది ఆయనే. ఎనక ఇంకిద్దరు డప్పులోళ్లు ఆయన దెబ్బను అందుకుంటరు. నాకంటె పెద్ద, అందుకే అన్న అంట. ఆయన నన్ను భాయ్ అంటడు, కోపమొస్తే ఇంకేమన్న అంటడు. పోయిన వానకాలం పక్షవాతం వచ్చింది. మనిషి లేచిండు, నడుస్తుండు, మాట కొంచెం మొద్దుబారింది గాని తిట్లు సాఫ్‌గనే వస్తున్నయి. కుడి చెయ్యి మాత్రం లేవలే.

డప్పుకు రెండు పుల్లలు. కుడి చేతిల లావుది, సిర్ర అంటరు. ఎడమ చేతిల సన్నది, సిటికెన పుల్ల. సిర్ర లేకుంటే డప్పు లేదు.

మా బ్యాండు మాస్టరు చెడ్డోడు కాదు. కాని ఎల్లారెడ్డి ఊర్ల పెండ్లి బేరం కుదిరినంక నన్ను పక్కకు పిలిచి చెప్పిండు.

"భాయ్, బండిల వాయించెటోళ్లకే జాగ సాలుతలేదు. వాయించనోన్ని ఏడ కూసోపెట్టాలె? వేరే డప్పాయన్ని మాట్లాడుత."

"అన్నకు నువ్వే చెప్పు."

"నాకు ధైర్యం లేదు. నువ్వు చెప్పు."

నేనూ చెప్పలే. బ్యాండుల ముందట జాగ ఒకసారి పోతే పోయినట్టే, మళ్ల రాదు. ఎల్లారెడ్డి బరాత్ల అన్న ముందట నడువకుంటే ఇగ ఎన్నడూ నడువడు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు. అందుకే చెప్పేది విడిచిపెట్టి, రెండు డబ్బాలు సంచిల ఏసుకొని ఆయన ఇంటికి పోయిన.

వదిన గడపకాడ చాట ముందట పెట్టుకొని బీడీలు చేస్తున్నది. అన్న మంచం మీద కూసున్నడు.

"ఏంది భాయ్, ఇల్లు ఖాళీ చేసినవా? సామాన్లన్ని మోసుకొచ్చినవు."

"నీ డప్పును దీంట్ల పెడుత. ఎడమ చేత్తోని నొక్కితే అదే మోగుతది. మెడకు ఏసుకొని ముందట నడువు."

"డప్పు నా మెడల ఉంటె డప్పు కొట్టెటోన్ని. డబ్బా ఉంటె ఐస్‌క్రీములు అమ్మెటోన్ని."

వదిన బీడీకి దారం సుట్టుకుంటనే అన్నది, "అమ్మినా మంచిదే. ఇంట్ల కూసొని నన్ను సతాయించుడు తప్పుతది."

అన్న ఇంట్ల ఒక క్యాసెట్ ఉన్నది. ఎప్పుడో భిక్నూర్ పెండ్లిల నేనే ఎక్కించింది. అన్న రెండు చేతులు బాగున్నప్పటి పెండ్లి దెబ్బ అది. దాన్ని ముందుగాల దుబాయ్ డబ్బాకు వినిపించిన. నొక్కితే మొత్తం తిరిగి ఇచ్చింది. డప్పు ఇచ్చింది, క్యాసెట్ సుయ్యిమనేది ఇచ్చింది, ఎవలో దగ్గింది ఇచ్చింది, రోడ్డు మీద లారీ హారన్ కూడ ఇచ్చింది.

"ఇది పోలీసోళ్ల ముందట సాక్ష్యం చెప్పినట్టున్నది," అన్నది వదిన. "ఏదీ దాస్తలేదు."

తర్వాత పాత డబ్బాకు వినిపించిన. జాగ సాలదు గదా, దానికి ఒక ఉపాయం ఉన్నది. క్యాసెట్‌ను జోరుగ తిప్పి ఎక్కించాలె. జోరుగ పోతే తక్కువ జాగల పడతది. పడ్డంక డబ్బాల గుండీ తిప్పి మళ్ల కిందికి దించుకోవాలె. దించుతాంటె సప్పుడు ఇంకింత గరుకు అయితది, లావు అయితది. నొక్కిన. సుయ్యిమనేది పోయింది. దగ్గు పోయింది. లారీ ఏడనో పోయింది. సిర్ర దెబ్బ మాత్రం దుమ్ములకెల్లి లేచొచ్చినట్టు వచ్చింది.

అన్న ఇంకోసారి అని వేలు సూపిండు. నొక్కిన. ఇంకోసారి. నొక్కిన.

"ఇది ఊరి బయటికెల్లి వింటె ఎట్లుంటదో గట్లున్నది," అన్నడు. "అందరు నా డప్పును గట్లనే విన్నరు కావచ్చు. నేనే ఎన్నడూ దూరంకెల్లి వినలే. అది నా మెడలనే ఉండె."

అప్పుడు నేను బెల్లానికి పేరున్న కామారెడ్డి మనిషిని గదా, కొంచెం గొప్పకు పోయి చెప్పిన, "అన్న, కొత్త డబ్బా చక్కెర, పాతది మన బెల్లం. చక్కెర తెల్లగుంటది గాని బెల్లం రుచే వేరు."

"నాకు షుగరున్నది. రెండూ ముట్టద్దు అన్నడు డాక్టరు."

క్యాసెట్ దెబ్బను ఒక పలక మీద పెట్టిన. వేరే పలకల మీద ఒక్కొక్క దెబ్బ విడివిడిగ కావాలె, సిర్ర దెబ్బ ఒకటి, పుల్ల దెబ్బ ఒకటి. అవి ఎడమ చేత్తోని ఇప్పుడు కొట్టి ఇయ్యమన్న. అన్న డప్పు మీద వేలు పెట్టి నొక్కి, "తోలు వదులున్నది, కాపాలె," అన్నడు. డప్పు కాపకుండ కొట్టరు. గడ్డి మంట పెట్టి, తోలు బిగిసి టంగుమనేదాక తిప్పాలె.

"మంట ఎందుకు? బిగించుడు డబ్బాలనే అయితది, గుండీ తిప్పితే సాలు."

"మెత్తటి తోలు సప్పుడు ఇచ్చి దాన్ని మోసం చేస్తవా? రేపు అది నిన్ను మోసం చేస్తది."

వాకిట్ల గడ్డి మంట పెట్టిన. వదిన తంబాకు చాట ఎత్తుకొని నన్ను తిట్టుకుంట లోపలికి పోయింది. డప్పు కాగింది, అన్న ఎడమ చేత్తోని సిర్రతోని ఒక్కటి కొట్టిండు, పుల్లతోని ఒక్కటి కొట్టిండు. పాత డబ్బా రెండిటినీ మింగింది.

ఏ పలకల ఏమున్నదో నేను తెలుగుల రాసినా అన్నకు సదువుడు రాదు. వదిన బొట్టుబిల్లల అట్ట తెచ్చిచ్చింది. క్యాసెట్ దెబ్బకు ఎర్ర బిల్ల, సిర్రకు ఆకుపచ్చ, పుల్లకు పసుపు.

మర్నాటి నుంచి అన్న సాధన మొదలువెట్టిండు. ఆకుపచ్చ, పసుపు నొక్కుతడు, ఎడమ చెయ్యి జోరు అందుకోదు, నడుమల తప్పుతది, తిడుతడు. ఎర్రది నొక్కితే మొత్తం పెండ్లి దెబ్బ దానికదే తిరుగుతది, తప్పదు. బరాత్ల ఎర్రదే నొక్కు అని చెప్పిన.

"మరి నేనేం చెయ్యాలె?"

"నొక్కి నడువు."

"చేన్ల దిష్టిబొమ్మ కూడ గదే చేస్తది. అది నడువది, నేను నడుస్త. గదే తేడా."

ఏమన్నా గాని, లావు పట్టీతోని బరువు డబ్బాను మెడకు ఏసుకున్న అన్నను చూసి మాస్టరు ఒప్పుకున్నడు. "ఈ ఒక్క పెండ్లి చూద్దాం భాయ్. నడిస్తే ఉంటడు, లేకుంటె నన్నేమనద్దు." ఆ ముచ్చట అన్న ముందటనే అన్నడు. అన్న తల ఊపిండు.

పెండ్లి నాడు లింగంపేట మీదికెల్లి ఎల్లారెడ్డి చేరేసరికి పొద్దు వాలింది. పెండ్లివారి గల్లీల కార్లు, పట్టుచీరలు, సెంటు వాసన. మాస్టరు తన కార్నెట్ బూర తుడుచుకుంట వచ్చిండు. అన్న డబ్బాకు వైరు స్పీకర్ల బండికి కలిపిన. ఒకసారి ఎర్రది నొక్కి చూసిండ్లు.

"బేస్ తక్కువున్నది భాయ్," అన్నడు మాస్టరు. "గల్లీ ఊగాలె."

దానికేముంది అని ఎర్ర పలక గుండీ ఇంకింత కిందికి తిప్పిన. నా బుద్ధి ఇక్కడ గడ్డి తిన్నది. అంతకు ముందు పదిహేను దినాలు సినిమా పాటల కోసం దుబాయ్ డబ్బా మీదనే పని చేసిన. దాంట్ల సప్పుడు లావు చేస్తే లావే అయితది, నడక మారది. పాత డబ్బాల ఆ రెండూ ఒక్క తాడుకు కట్టిన ఎడ్లు. లావు చేస్తే నెమ్మది కూడ అయితది. ఏ డబ్బా ముందట ఉన్ననో మరిచిన.

పెండ్లిపిల్లగాడు కారెక్కిండు. పిల్లలు ముందట ఎగురుతందుకు నిలబడ్డరు. అన్న ఎర్ర బిల్ల నొక్కిండు.

మా దిక్కు పెండ్లికొక దెబ్బ, సావుకొక దెబ్బ ఉంటది. డప్పు విని ఇంట్ల కూసున్నోళ్లు ఏ వాడల ఏమైందో చెప్తరు. ఆ రెండు దెబ్బలకు మధ్య ఎంత దూరమున్నదో ఆ పొద్దు తెలిసింది. గుండీ తిప్పుడంత దూరమే ఉన్నది. పెండ్లి దెబ్బ నెమ్మదిగ, బరువుగ, గల్లీ ఊగేటట్టు వచ్చింది. మొత్తం సావు దెబ్బే.

ఎగిరెటోళ్లు ఎత్తిన కాళ్లు దించిండ్లు. పక్కింటి గోడ మీదికెల్లి ఒక ముసలవ్వ తల బయట పెట్టింది.

"ఎవలు పోయిండ్లు బిడ్డా?"

"ఎవలు పోలేదవ్వా, పెండ్లి."

"గట్లనా. తానం చెయ్యాలెనేమో అనుకున్న."

ఎవలో కిసుక్కున నవ్విండ్లు. పెండ్లికొడుకు తండ్రి నవ్వలే. మాస్టరు నా దిక్కు చూసిన చూపుకు నాకు గుండీ ఏడున్నదో కనపడలే. చేతికి దొరికిందల్ల తిప్పబోయిన. అన్న నా చెయ్యి మోచేత్తోని పక్కకు నెట్టిండు. ఎర్ర బిల్ల మళ్ల కొట్టి దాన్ని ఆపిండు.

ఆకుపచ్చ మీద వేలు పెట్టిండు. ఒకటి. ఆకుపచ్చ, పసుపు, ఆకుపచ్చ. ఇంట్ల అందని జోరు ఈడ ఎట్ల అందుతది అనుకున్న. అందలే. నడుమల ఒక దెబ్బ తప్పింది, కుంటుకుంట వచ్చింది. కాని అది పెండ్లి దెబ్బే, అనుమానం లేదు. ఇంకో సుట్టు వచ్చేసరికి, ఎనక డప్పులు కొట్టే ఇద్దరు ఆ తప్పిన జాగల తమ సిర్ర ఏసిండ్లు. మళ్ల తప్పింది, మళ్ల ఏసిండ్లు. నాలుగు సుట్లు తిరిగేసరికి ఆ కుంటుడు కూడ నడకల కలిసింది. పిల్లలు దాని మీదనే ఎగిరిండ్లు, ఆ తప్పిన కాడ ఆగి, మళ్ల దుంకుకుంట. మాస్టరు కొంచెం సేపు బిగదీసుకొని నిలబడి, ఇగ ఆగలేక కార్నెట్ ఎత్తిండు.

అన్న ముందట నడిచిండు. పాత డబ్బా గరుకు గొంతు గల్లీ చివరిదాక పోయింది. దుబాయ్ డబ్బా అయితే ఎట్లుండెనో నాకు తెల్వదు, తెలుసుకునే కోరిక కూడ లేదు. ఆ డబ్బా ఒక్క దెబ్బను కూడ దాచకపోయేది, తప్పిన కాడ ఖాళీని కూడ తేటగ చూపెట్టేది. పాతది తన గరుకుతనంతోని ఆ సందును కొంచెం పూడ్చింది. ఎవలన్న ఇప్పుడు ఏది మంచిదని అడిగితే, ఎవని చెయ్యి ఎట్లున్నదో చెప్పు, తర్వాత చెప్త అంట.

నడుమల చాయ్ కోసం ఆగినప్పుడు మిగిలినోళ్లు గడ్డి మంట పెట్టి డప్పులు కాపుతున్నరు. అన్న డబ్బా మెడల ఏసుకొనే మంట దగ్గరికి వంగిండు.

"అన్న, అది ప్లాస్టిక్, కరుగుతది."

"నీ డబ్బాను ఎవలు కాపుతున్నరు భాయ్? చెయ్యి కాపుకుంటున్న." లేవని కుడి చేతిని ఎడమ చేత్తోని పట్టి మంట మీద పెట్టిండు. "ఆదత్, పాత అలవాటు."

మాస్టరు చాయ్ పట్టుకొని వచ్చి మా పక్కన నిలబడ్డడు. జుక్కల్ దిక్కు ఇంకో పెండ్లి ఉన్నదని, అన్నను పొద్దుగాలనే తయారుండమని నాకు చెప్పిండు. అన్న అక్కడనే ఉన్నడు, అయినా నాకే చెప్పిండు.

"ముందు ఆ ఎర్ర బిల్ల పీకెయ్యి భాయ్," అన్నడు పోతపోత.

నేను గోరు పెట్టి పీకబోయిన. అన్న డబ్బాను పక్కకు తిప్పుకున్నడు.

"ఉండనియ్యి. మాస్టరు పోయిననాడు పనికొస్తది."