కంట్రోల్ కూడా వెలిగింది

"భూలక్ష్మిగారూ, కంట్రోల్ కూడా వెలిగిందేంటండీ? ప్రాజెక్టు ఆపేస్తారేమోనండీ!"

ల్యాబులో పరిశోధన చేస్తున్న ప్రిస్కిల్లా గొంతు విని భూలక్ష్మి టీ బయటే వదిలేసి ల్యాబులోకి వచ్చింది. అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు. భూలక్ష్మి బాలానగర్ నుంచి రాయదుర్గానికి షేర్ ఆటోలో వచ్చి, సాయంత్రం ధర్నాలో కూర్చునేది. "మా రాష్ట్రం మాకు రావాలె, నీ కణాలు మాత్రం చావొద్దు" అని ప్రిస్కిల్లాను ఆటపట్టించేది. ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివి, ల్యాబు మొదలైన నాటి నుంచి కణాల పెంపకం చూస్తున్నది భూలక్ష్మే.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ అనే చిన్న పోగు ఒక జన్యువును అణచివేస్తోందా అన్నది ప్రిస్కిల్లా తేల్చాలి. ఆ జన్యువు తోకను, మిణుగురు వెలుగునిచ్చే జన్యువుకు అతికించి, రీఏజెంట్ అనే ద్రావణంతో కణాల్లోకి పంపారు. పోగు ఆ తోకను పట్టి అణిస్తే వెలుగు తగ్గుతుంది; పోగును కట్టేసే ఇన్హిబిటర్ వేస్తే పెరగాలి. దేనికీ అతకని ఉత్తుత్తి పోగు వేసిన కంట్రోల్‌లో పెరగకూడదు. ఈసారి, పోయినసారి కంటే రెండూ పెరిగాయి. సరైన ఫలితం లేకపోతే పని ఆపేస్తానని డైరెక్టర్ అప్పటికే చెప్పాడు.

"ఈసారి ఏం మార్చినవ్?"

"బందుల్లో మళ్లీ మళ్లీ రాలేమని... కొత్త కణాలు, కొత్త రీఏజెంట్, డోసు కూడా పెంచేశానండీ."

"ఏం కలపని వెల్స్ ఏవి?" ప్లేటులోని చిన్న గుంటలను చూస్తూ అడిగింది భూలక్ష్మి.

"ప్లేటులో చోటు చాల్లేదండీ."

"బాగుంది! కూరల ఉప్పు, కారం, పులుపు అన్నీ ఒక్కసారే మార్చి, రుచి ఏంది గిట్లయిందని నన్నడుగుతవా?"

"మరి దేనివల్లంటారు?"

"నాకేం ఎరుక తల్లీ? నాకూ సమజైతలేదు. పరేషాన్ గాకు, సార్‌తోని నేను మాట్లాడత."

ఇంకొక్క అవకాశం దొరికింది. పాత కణాలు, పాత డోసు పెట్టుకొని ప్రిస్కిల్లా రీఏజెంట్ ఒక్కటే కొత్తది వాడింది. ఏమీ కలపని వెల్స్ పక్కనే ఉంచింది. కంట్రోల్ వాటిలాగే మసకగా ఉంది. ఇన్హిబిటర్ వేసినవే వెలిగాయి. ప్రాజెక్టు ఆగకుండా నిలబడింది. అంతకుముందు తికమక పెట్టింది కణాలో, డోసో ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఏళ్లు గడిచాక, మొన్న ప్రిస్కిల్లా చంటిపాప మెడ మీద దద్దుర్లు లేచాయి. కంగారులో సబ్బు, నూనె, పాలపొడి మూడూ మార్చబోయిన ప్రిస్కిల్లా, సబ్బు ఒక్కటే పక్కన పెట్టి ఊరుకుంది. అప్పట్లో ల్యాబులో భూలక్ష్మి చెప్పింది అదే: "ఒక్కసారికి ఒక్కటే మార్చు. తక్కినయి ముట్టకు."