సుద్దరాళ్ళ రుచి

కాన్సాస్‌లో మేమున్న కౌంటీ అంతా గడ్డి నేల. ఆ గడ్డి మధ్యలో, దేనితోనూ సంబంధం లేకుండా, తాటిచెట్టంత ఎత్తున తెల్లటి సుద్దరాళ్ళు నిలబడి ఉంటాయి. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేదట. వాటిని చూడటానికి ఎక్కడెక్కడినుంచో కార్లేసుకుని వచ్చేవాళ్ళు. నేను మాత్రం తినడానికి వెళ్ళేదాన్ని.

నవ్వకండి. అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. నాకు అయిదో నెల. మా ఆయన అక్కడి చిన్న ఆసుపత్రిలో డాక్టరు. చిన్నప్పుడు అక్కా నేనూ పలక మీద రాయాల్సిన బలపాలు దొంగతనంగా కొరుక్కు తిన్నవాళ్ళమే. ఒకరోజు వాన వెలిశాక ఆ రాళ్ళ దగ్గరికి వెళ్తే అచ్చం ఆ వాసనే. నోట్లో నీళ్ళూరాయి. చిన్న పెచ్చు విరిచి వేసుకున్నాను. అబ్బ, ప్రాణం లేచొచ్చింది! ఇక రోజూ అదే పని. హ్యాండ్‌బ్యాగ్‌లో పెచ్చులు, దిండు కింద పెచ్చులు, చివరికి కందిపప్పు డబ్బాలో కూడా.

ఆ డబ్బాలోనే మా ఆయనకి దొరికిపోయాను. రక్తం తక్కువైతే ఇలా మట్టి మీదికి మనసు పోతుందనీ, ఇది తింటుంటే ఐరన్ మాత్రలు ఒంటికి పట్టవనీ క్లాసు పీకాడు. తరవాత నెమ్మదిగా, "మన హాస్పిటల్‌లో బ్లడ్ స్టాక్ ఉండదు. డెలివరీలో ఏమైనా అయితే నేనేం చేయాలి, నువ్వే చెప్పు" అన్నాడు. నాకూ భయమేసింది. మానేస్తానని ఒట్టు పెట్టాను. మర్నాడు పొద్దున్నే మళ్ళీ అక్కడే తేలాను. నా మీద నాకే అసహ్యమేసింది.

ఆ రాళ్ళున్న పొలం యజమానురాలు, అరవై దాటిన ఒకావిడ, పికప్ ట్రక్కు దిగి వచ్చింది. నా చేతిలో పెచ్చు, మూతికి తెల్లటి పొడి. కేకలేస్తుందనుకున్నాను. నా పొట్ట వైపు చూసింది. తొలి కాన్పప్పుడు తను బట్టలకు పెట్టే గంజిపొడి డబ్బాలు డబ్బాలు తినేసిందట. ఆ సంగతి చెప్పి, "హనీ, అసలు నీకేం తినాలనుంది?" అని ఇంగ్లీషులో అడిగింది.

అయిదు నెలల్లో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. మా వైపు కడుపుతో ఉన్న పిల్లని పాలుపోసే ఆవిడతో సహా అందరూ అడుగుతారు. మా ఆయన రిపోర్టులు చూసేవాడు. పాపం, అడగాలని ఆయనకి తోచలేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. చింతకాయ పచ్చడి, అన్నాను. ఉప్పూకారం అద్దిన పచ్చిమామిడి ముక్క. కాల్చిన తేగలు. అక్క చేత్తో కలిపి పెట్టే గోంగూర ముద్ద. అన్నీ తెలుగులోనే వచ్చాయి, ఇంగ్లీషు ఒక్క ముక్క రాలేదు. ఆవిడ నన్ను ఆపలేదు. ఇంకా చెప్పు అన్నట్టు తలూపుతూ, తనకేమీ అర్థం కాని ఆ వంటలన్నీ ఎండలో నిలబడి విన్నది. చెప్పడానికి ఇంకేమీ మిగలనప్పుడు నా గుప్పిట విప్పి, సుద్దపెచ్చు తీసుకుని తన జేబులో వేసుకుంది.

కాన్పయ్యేదాకా నేను మళ్ళీ రాయి ముట్టలేదు. మాత్రలు బాగా పనిచేశాయని మా ఆయన సంబరపడిపోయాడు. నేను అవునన్నాను. ఆవిడ అడిగిందని చెబితే, ఆయన అడగలేదని చెప్పినట్టే కదా.