సార్ కనుబొమ్మ పట్టుకొని పాలమూరుకు

పొద్దుగాల ఐదున్నరకు చండూరుల నల్లగొండ బస్సెక్కినం, నేను, మా ఆయన యాదగిరి. నా ఒళ్లె సంచి, సంచిల శాలువా, శాలువా మీద మా ఆయనకు సదువు చెప్పిన లెక్కల సార్ మొఖం. గా మొఖం తప్పు పడ్డది. తప్పు చేసింది నేను. గందుకే ఆడోళ్లకు పైసలు లేకుండ ఇచ్చే జీరో టికెట్ కోసం ఆధార్ కార్డు తిర్లమర్ల పట్టి చూపిచ్చిన. కండక్టర్ "ఏమైందక్కా, పానం బాగలేదా?" అన్నది.

ముందుగాల జరిగింది చెప్తా. మా ఆయన తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు, సార్ రాకముందు సుద్దముక్కతోని బోర్డు మీద ఆయన బొమ్మ గీసిండు. అనంతయ్య సార్‌కు కోపమొస్తే కుడి కనుబొమ్మ ఒక్కటే లేస్తదంట, ఎడమది కదలదు. గా కుడి కనుబొమ్మను నెత్తి దాటిచ్చి గీసిండు. పిల్లలంత పడిపడి నవ్విండ్రు. సార్ వచ్చి చూసిండు, బెత్తం తీసిండు. తెల్లారి మా ఆయన బడికి పోలే. మా మామ మగ్గం గుంటల కూసోబెట్టిండు. ముప్పై ఏండ్లు దాటింది, ఇంకా గుంటలనే ఉన్నడు.

పోయిన నెల శ్రీశైలం ఫోన్ చేసిండు. ఆయన, మా ఆయన ఒక్క తరగతి. పాలమూరుల టైల్స్ దుకాణం పెట్టుకున్నడు. "సార్ గీడనే ఇల్లు కట్టుకున్నడురా, మోకాళ్లు పోయినయి. పాత పిల్లలమంత సన్మానం చేస్తున్నం. శాలువా నువ్వే నెయ్యాలె. గప్పటి బొమ్మనే ఎయ్యాలె" అన్నడు.

"మళ్ల తన్నులు తినుమంటవారా?" అన్నడు మా ఆయన. అన్నడుగని ఫోన్ పెట్టేసి పెన్సిల్ దేవులాడిండు.

మనిషిని నవ్వొచ్చెటట్టు గీసుడంటే అన్నీ పెంచుడు కాదంట. "ఒక్కటే పట్టుకోవాలెనే. ముక్కు, చెవులు, పండ్లు అన్నీ పెంచితే రాక్షసుడైతడు, మనిషి మాయమైతడు" అంటడు. ఆయన గీసినదాన్ని మా బిడ్డ మమత ఫోన్ల ఎక్కిచ్చి, కనుబొమ్మను వేలుతోని ఇంకింత మీదికి గుంజి, బొమ్మనంత చిన్న చిన్న గళ్లు చేసిచ్చింది. గా గళ్లు చూసుకుంట నూలు మీద ముడులు కడతం, ముడి ఉన్నకాడ రంగు ఎక్కది.

ఆసు మీద, అంటే మేకుల చట్రం మీద, నూలు పోసుడు నా పని. అలవాటు కొద్ది నడిమికి మడిచి పోసిన. అట్ల మడిస్తే సగం బొమ్మకు ముడులు కడితే సాలు, రంగుల ముంచి ఇప్పితే రెండో సగం అసొంటిదే పడుతది. నెమళ్లకు, పువ్వులకు గట్లనే చేస్తం. సార్ మొఖానికి గూడ గట్లనే చేసిన. కనుబొమ్మ లేచిన సగం చూసుకుంట మా ఆయన ముడులు కట్టిండు, రెండో సగం సంగతి యాదికి రాలే. మగ్గం మీద నుదురు దాక నేసినంక చూస్తే రెండు కనుబొమ్మలూ లేచి ఉన్నయి. ఒక్కటి లేస్తే కోపం. రెండూ లేస్తే బెదిరిన మొఖం. మళ్ల చేద్దమంటే దినాలు లేవు.

నల్లగొండల ఆరున్నర అయింది. దేవరకొండ బస్సు తయారుగనే ఉన్నది. నేను సీట్ల కూసున్నకాంచి ఒక్కటే ఆలోచన: పదిమందిల సార్ "నన్ను గేలి చేసెతందుకు పిలిచిండ్రా?" అంటే? మా ఆయనకు పిలగానిగ ఉన్నప్పుడు తిన్న దెబ్బకు సదువు పోయింది. ఇప్పుడు మాట పడితే గీ మనిషి మళ్ల పెన్సిల్ ముట్టడు.

ఎనిమిదిన్నరకు దేవరకొండల దిగినం. బస్టాండు బయట ఇడ్లి బండి ఉన్నది, పల్లి చట్నీ మంచిగుంటది, అటు పోయెటోళ్లు తినుండ్రి. మా ఆయన ముట్టలే. "ఆకలి లేదే" అన్నడు.

కల్వకుర్తి మీదికెళ్లి జడ్చర్ల పోయే బస్సుల నా పక్కన ఒక తండా ఆమె కూసున్నది, మిరపకాయల మూటతోని. సంచిలకు తొంగిచూసి "చీరెనా, చెల్లె?" అన్నది. విప్పి చూపిచ్చిన. ఆమె ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

"ఎవలు గీయన? పామును తొక్కినట్టున్నడు."

ముందు సీట్ల మా ఆయన మెడ ఇంకింత కిందికి వంగింది. నేను మడిచి సంచిల పెట్టిన. జడ్చర్లల బస్సు మారేటప్పుడు "ఎనుకకు పోదామా?" అని అడిగిండు. నాకు గూడ అదే అనిపిచ్చింది. గని శ్రీశైలం అప్పటికే నాలుగుసార్లు ఫోన్ చేసిండు.

పన్నెండింటికి పాలమూరు. బస్టాండు కాంచి ఫంక్షన్ హాలుకు ఆటోల పది నిమిషాలు. లోపల నలభై మంది దాక ఉన్నరు, అందరికి నెత్తులు నెరిసినయి. సార్ స్టేజీ మీద కుర్చీల కూసున్నడు, బక్కగ, చేతికర్ర పట్టుకొని. మా ఆయన ఎనుక వరుసల గోడకు ఆనుకొని నిలబడ్డడు.

శ్రీశైలం శాలువా విప్పి సార్ ముందు పట్టిండు. ముందు నవ్విండ్రు, మళ్ల అందరు సార్ మొఖం దిక్కు చూసిండ్రు. సార్ కండ్లద్దాలు సదురుకొని చూసిండు. చూస్తనే ఉన్నడు.

"ఎవడు గీసిండురా?"

మా ఆయన చేతులు కట్టుకొని ముందుకు పోయిండు. "నేను సార్."

"పేరు?"

"యాదగిరి, సార్. తొమ్మిదో తరగతి."

హాలంత నవ్వింది. సార్ నవ్వలే. శాలువా ఒళ్లె ఏసుకొని, బొమ్మ నడుమ వేలు పెట్టి, అంచుకు అంచు కలిపి మడిచిండు. కనుబొమ్మ మీద కనుబొమ్మ సరిగ్గ కూసున్నది.

"సగం చేసి మడత పెట్టినవ్. రెండో సగం లెక్క ఎవడు చేస్తడు?"

నాకు కాళ్లు ఆగలే. స్టేజీ కాడికి ఉరికిన. "ఆయనది కాదు సార్ తప్పు. నూలు మడిచి పోసింది నేను."

సార్ నా దిక్కు తిరిగిండు. తిరుగుతనే కుడి కనుబొమ్మ ఒక్కటే లేచింది.

"గదీ! గదే సార్! గదొక్కటే లేవాలె!" అని అరిచిండు మా ఆయన, స్టేజీ మీదనే, వేలు పెట్టి చూపెట్టుకుంట. అరిచినంక నోరు మూసుకున్నడు.

సార్ కనుబొమ్మ మెల్లగ కిందికి దిగింది. "బోర్డు మీద సక్కగనే గీసినవు గదరా" అన్నడు. "గానాడే చెప్పేది ఉండె. రెండోనాడు చెప్దమనుకున్న. నువ్వు రాలే."

శ్రీశైలం శాలువా తీసుకొని కప్పబోయిండు. సార్ చేతికర్ర అడ్డం పెట్టి, "నువ్వు జరుగు. వాడు కప్పుతడు" అన్నడు. కప్పినంక మా ఆయన చెవు పట్టుకొని, "ఇది ఉంచుకుంట. రెండు పక్కల లెక్క చేసి ఇంకోటి తీస్కరా. దిద్దుత" అన్నడు.

నాలుగు గంటలకు తిరుగుప్రయాణం, జడ్చర్ల బస్సు. కిటికి పక్క సీటు దొరికింది. హాలుల గూడ అన్నం కెలికిండు గని తినలే, ఇప్పుడు నేను తెచ్చిన జొన్నరొట్టెలు రెండూ తిన్నడు, ఉల్లిగడ్డ కొరుక్కుంట. పోయేటప్పుడు నేను సంచిని తప్ప ఏం చూడలే. వచ్చేటప్పుడు కల్వకుర్తి దాటినంక పత్తి చేన్లు, చెల్కలు, ఎర్రటి మన్ను కనబడ్డయి. ఆ తొవ్వ మంచిగుంటది, పోయెటోళ్లు ఎడమ దిక్కు కూసోండ్రి.

"ఈసారి మడవకుండ పోస్తవా? నీకు రెండింతల పనైతది" అన్నడు.

"పోస్త. నువ్వు ముడులు సక్కగ కట్టు."

జేబుల పెన్నుతోని టికెట్ ఎనుక పక్క గీస్తున్నడు. ముందు ఎడమ సగం, కదలని కనుబొమ్మ. బస్సు ఎగిరినప్పుడల్ల ఆగుతడు, మళ్ల గీస్తడు. కుడి కనుబొమ్మకు వచ్చెటాలకు కాయితం అయిపోయింది. నా దిక్కు చెయ్యి సాపిండు.

"నీ జీరో టికెట్ జర ఇయ్యి."

చెకింగోళ్లు ఎక్కితే ఏం చూపియ్యాలె అని మళ్ల ఫికరైంది నాకు. ఇచ్చిన.