మా మామయ్య వాళ్ళమ్మ పుట్టింటి పేరు

మా మామగారికి తెలుగులో వచ్చిన మాటలు రెండే. ఒకటి 'మామయ్య', రెండోది వడ్డించేటప్పుడు అనే 'చాలు'. రెండూ నేను నేర్పినవే. మా ఆయన ఇక్కడే, న్యూజిలాండ్‌లో పుట్టిన కివీ. మామయ్య మాత్రం పుట్టింది కెనడాలో, ఫ్రెంచి మాట్లాడేవాళ్ళ ఊళ్ళో. ఆయనకి నాలుగేళ్ళప్పుడు, అమ్మ పోయిందని చెప్పి, వాళ్ళ నాన్న వెంటబెట్టుకుని ఓడెక్కి న్యూజిలాండ్ వచ్చేశాడు. ఆ ఫ్రెంచి కూడా ఆయనకి మిగల్లేదు.

ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డారు. న్యూ లిన్ స్టేషన్ దగ్గర ఫ్లాట్‌లో ఒక్కరే ఉంటారు. ఉన్న కోరిక ఒకటే, పోయేలోపు అమ్మ సమాధి చూడాలి. రిటైరైన దగ్గర్నుంచీ అదే పని. వెబ్‌సైట్లన్నీ జల్లెడ పట్టారు, దొరకలేదు. ఏటా నవంబరులో సమాధుల పండుగకి ఆమె ఆత్మ కోసం చర్చిలో ప్రార్థన మాత్రం చేయిస్తారు. ఆయనచేత డ్రైవింగ్ మానిపించాక మౌంట్ రాస్కిల్‌లోని మా ఇంటి నుంచి వచ్చి తీసుకెళ్ళేది నేనే.

మొన్న చలికాలంలో ఓ ఆదివారం పప్పుచారు పట్టుకుని వెళ్తే, మళ్ళీ ఆ ల్యాప్‌టాప్ ముందే ఉన్నారు. మళ్ళీ అదే ఇంటిపేరు కొడుతున్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"అది మీ నాన్నగారి ఇంటిపేరు కదా మామయ్యా! ఆవిడ ఎవరింటి ఆడపిల్ల?"

"పెళ్ళయ్యాక ఆమె పేరూ ఇదేగా," అన్నారు.

కివీగా పెరిగిన మనిషి, ఇంకోలా ఎందుకు ఆలోచిస్తారు? నేను ఇంటిపేరు మార్చుకోలేదని మా అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో సాధిస్తూనే ఉంటుంది కాబట్టి నాకు ఆ అనుమానం వచ్చింది. చూస్తే తేలిందేమిటంటే, కెనడాలో ఆ ఫ్రెంచివాళ్ళ చర్చి రికార్డుల్లో ఆడవాళ్ళకి చచ్చేదాకా పుట్టింటి పేరేనట. సమాధి మీద కూడా చాలామందికి అదేనట. ఓరి దేవుడా! ఇన్నేళ్ళూ లేని పేరు పట్టుకుని వెతికారన్నమాట.

ఆ పుట్టింటి పేరు ఆయన బాప్టిజం కాగితంలో ఉండనే ఉంది. కొట్టాను. సమాధి ఫోటో వచ్చింది. "దొరికింది!" అని అరిచాను కూడా. తర్వాతే చదివాను.

ఆవిడ పోయింది ఎనిమిదేళ్ళ కిందట. ఈయన వెతకడం మొదలుపెట్టేనాటికి ఆవిడ బతికే ఉంది.

ఆమె పేరు కింద, చిన్న అక్షరాల్లో, కొడుకు పేరు చెక్కి ఉంది. మామయ్య పేరే. పుట్టిన ఏడూ ఆయనదే. చనిపోయిన ఏడు మాత్రం, తండ్రీకొడుకులు ఓడెక్కిన ఏడు.

"నేను పోయానని ఆమెకి చెప్పారు," అన్నారు మామయ్య.

వాళ్ళ నాన్న ఎదురుగా ఉంటే చెడామడా తిట్టేదాన్ని. మావైపు ఇలాంటప్పుడు అనే మాటే అనేశాను.

"బతికున్న మనిషి పోయాడని కబురొస్తే ఆయుష్షు పెరుగుతుందంటారు మామయ్యా."

ఆయన ఫోటో మీంచి చూపు తిప్పలేదు.

"అందుకే కాబోలు ఆమె అంతకాలం బతికింది. ఏటా నవంబరులో చర్చిలో నేను చెప్పించిందీ ఆ కబురేగా," అన్నారు.

లేచి వెళ్ళి పప్పుచారు వేడిచేసి తెచ్చాను. గరిటె ఎత్తేసరికి కంచానికి చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అన్నారు. నేనింకా ఏమీ వడ్డించనేలేదు.